గ్రీకు దీవుల్లో సొంతంగా నడక యాత్ర: నాక్సోస్, అమోర్గోస్, సాంటోరిని పదకొండు రోజుల్లో

పది పన్నెండు రోజుల సెలవులో మూడు దీవులు చాలు. నాలుగోది కలిపితే నడవాల్సిన ఒక రోజు రేవులో సామాను పక్కన కూర్చోవడానికే సరిపోతుంది. ఓడ రెండు గంటలే కదా అని లెక్క వేసుకుంటాం గానీ, గది ఖాళీ చేయడం, రేవు చేరడం, ఎదురుచూడడం, దిగాక బస్సు పట్టుకుని కొత్త గది వెతుక్కోవడం అన్నీ కలిపితే దీవి మారిన రోజు నడక ఉండదనే అనుకోవాలి. పైగా ఏజియన్ సముద్రంలో రోజును నిర్ణయించేది గాలి. మీరు వేసుకున్న పట్టిక దాని తర్వాతే. ఈ ప్రణాళిక అంతా ఆ లెక్కతోనే వేసింది.

మూడు దీవులూ సైక్లాడిస్ అనే దీవుల గుంపులోవి. నాక్సోస్‌లో కొండ, పాత ఊళ్లు, నీడ. అమోర్గోస్‌లో సముద్రం అంచున పొడవాటి గట్టు దారి. సాంటోరినిలో అగ్నిపర్వతం కూలిపోగా మిగిలిన గిన్నె అంచు. కష్టం కూడా ఈ వరుసలోనే సాగుతుంది: మొదట కాళ్లకు అలవాటు, మధ్యలో అసలు నడక, చివర తేలిక.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్లీ సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. మన వేసవి సెలవులు, దసరా సెలవులు రెండూ వీటితో కలుస్తాయి కాబట్టి పిల్లల బడి అడ్డు రాదు. మే నెలలో కొండలన్నీ పూలతో ఉంటాయి, సముద్రం మాత్రం ఇంకా చల్లగా ఉంటుంది. సెప్టెంబర్‌లో సముద్రం వెచ్చగా ఉంటుంది, కొండలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆర్థడాక్స్ ఈస్టర్ వారంలో గ్రీకులంతా సొంత దీవులకు వెళ్తారు, ఓడల్లో చోటు దొరకదు. 2027లో ఆ పండుగ మే 2న వస్తుంది. అక్టోబర్ మధ్య దాటితే గదులు, హోటళ్లు ఒక్కొక్కటే మూసేస్తారు, ఓడలూ తగ్గుతాయి.

జూలై, ఆగస్టు వద్దు. రాజమండ్రి ఎండలు, రామగుండం ఎండలు చూసినవాళ్లం, 33 డిగ్రీలు మాకొక లెక్కా అనిపిస్తుంది. ఇక్కడ మోసం వేరే రకం. చెట్టు లేని తెల్లటి రాతి మీద నడుస్తున్నప్పుడు ఎండ పైనుంచీ కొడుతుంది, కిందినుంచీ కొడుతుంది. ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలి చెమటను ఎప్పటికప్పుడు ఆర్పేస్తుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. 2024 జూన్ వేడిగాలుల్లో గ్రీకు దీవుల్లో ఒంటరిగా నడకకు వెళ్లిన పర్యాటకులు కొందరు చనిపోయారు. అదే మెల్తెమి బలపడితే ఓడలూ ఆగిపోతాయి.

బయలుదేరే ముందు

ముందు షెంగెన్ వీసా, అంటే గ్రీసుతో సహా పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. 15 రోజుల ముందు వరకూ గడువు ఉన్నా అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే కేంద్రం సేవా రుసుము అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ పాలసీలో కొండ నడకకు వర్తింపు ఉందో లేదో చదివి మరీ తీసుకోండి, చవక పాలసీల్లో అది తరచూ ఉండదు. వీసా కోసం గదుల బుకింగ్ చూపాలి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి.

గదుల ధరలో కలవని పన్ను ఒకటుంది. వాతావరణ పన్ను పేరుతో గది స్థాయిని బట్టి రోజుకు 2 నుంచి 15 యూరోలు అక్కడే కట్టించుకుంటారు. కుటుంబాలు నడిపే చిన్న గదులకు ఇది తక్కువే.

ఓడ టికెట్లు వీసా చేతికొచ్చాక కొనండి. కొనేటప్పుడు ఓడ పేరు, రకం చూడాలి. పెద్ద ఫెర్రీలు నెమ్మదిగా వెళ్తాయి, సగం ధర, డెక్ మీద కూర్చోవచ్చు, గాలి పెరిగినా నడుస్తాయి. హైస్పీడ్ ఓడలు సమయం మిగులుస్తాయి గానీ గాలి కాస్త ముదిరితే ముందు ఆగేవి అవే. గాలి బోఫోర్ట్ కొలతలో 8కి చేరితే సాధారణంగా పెద్దవాటినీ ఆపేస్తారు. రేవులో ‘అపాగోరెఫ్తికో’ అన్న మాట వినపడితే ఓడలకు నిషేధం పడిందని అర్థం.

సామాను

నడిచే రోజు భుజాన ఉండేది చిన్న సంచి మాత్రమే. పెద్ద సంచి గదిలోనే ఉంటుంది, అది కూడా 8 కిలోలు దాటకుండా చూడండి. చక్రాల సూట్‌కేసు మెట్ల ఊళ్లలో పనికిరాదు, నాక్సోస్ పాతపేటలో మొదటి మలుపులోనే ఆ సంగతి తెలుస్తుంది.

బూట్లకు గట్టి అడుగు ఉండాలి. దారుల్లో పాలరాయి, సున్నపురాయి పలుగుల్లా లేచి ఉంటాయి. మెత్తటి జాగింగ్ బూట్లతో రెండో రోజుకు అరికాళ్లు పుండవుతాయి. పాత గాడిద బాటల్లో మాత్రం సమస్య దీనికి తిరగబడుతుంది: శతాబ్దాల రాపిడికి రాళ్లు అద్దంలా నునుపెక్కి ఉంటాయి, పొడిగా ఉన్నప్పుడే జారుతాయి. చేతికర్రలకు రబ్బరు టోపీలు తొడగండి. మోకాలి కింద దాకా ముళ్ల పొదలే కాబట్టి పొడవాటి ప్యాంటు. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు లేకపోతే అమోర్గోస్ గట్టు మీద అది సముద్రం పాలే. పలుచటి గాలిచొక్కా, ఈల, పవర్ బ్యాంకు, బొబ్బలకు అతికించే పట్టీలు, ఓడలో వాంతుల మాత్రలు.

నీళ్లు గంటకు అర లీటరు లెక్కన. మామూలు రోజుకు రెండు లీటర్లు, అమోర్గోస్ పెద్ద నడకకు మూడు.

దారి కనుక్కోవడం

గూగుల్ మ్యాప్స్‌కు ఈ బాటలు సరిగ్గా తెలియవు, తారురోడ్డు మీదకే తోస్తుంది. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ ఫోనులో పెట్టుకుని, మూడు దీవుల పటాలూ ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ముందే దింపుకోండి. దానికి తోడు అనావాసి, టెరైన్ సంస్థల కాగితం పటాలు కొనండి. ఫోను ఎండకు వేడెక్కి ఆరిపోయినప్పుడు ఆదుకునేవి అవే.

దారి మీద గుర్తులు మూడు రకాలు. అంకె వేసిన చతురస్రపు రేకులు అధికారిక మార్గానివి. రాళ్ల మీద ఎర్ర చుక్కలు, గీతలు పాతవి, కొన్ని దారి మారిపోయాక కూడా మిగిలిపోయాయి. మూడు నాలుగు రాళ్లు పేర్చిన చిన్న గుట్టలు ఎవరో నడిచినవాళ్లు పెట్టినవి, వాటిని సగమే నమ్మండి. పది నిమిషాలు నడిచినా ఏ గుర్తూ కనపడకపోతే ముందుకు పోవద్దు, చివరి గుర్తు దగ్గరికి వెనక్కి రండి. దారి తప్పడం ఎక్కువగా ఒకే చోట జరుగుతుంది: రెండు రాతి గోడల మధ్య సాగే బాట హఠాత్తుగా పొలంలోకి తెరుచుకున్న చోట. మేకలు నడిచి చేసిన జాడలు అక్కడినుంచి అన్ని వైపులకూ పోతాయి, ఒక్కొక్కటీ అసలు దారిలాగే ఉంటుంది. కాలి కింద పేర్చిన మెట్టు గానీ, అంచున కట్టిన రాయి గానీ కనపడితేనే అది మనుషుల బాట.

బాటకు అడ్డంగా ఇనుప జాలీ గేటు, దానికి తీగ చుట్టి ఉంటుంది. మిమ్మల్ని ఆపడానికి కాదు, మేకల కోసం. తీగ విప్పి, దాటి, మళ్లీ అలాగే చుట్టండి. రాతి గోడల సందుల్లో చేతులు పెట్టొద్దు, పాములుంటాయి.

సమయాన్ని కిలోమీటర్లలో కొలవకండి. మామూలు నడకకు గంటకు మూడు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ మరో గంట చొప్పున వేసుకుంటే దాదాపు సరిపోతుంది.

1వ రోజు: ఏథెన్స్ నుంచి నాక్సోస్

హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా ఏథెన్స్ చేరవచ్చు. విమానాశ్రయం నుంచి నీలి లైను మెట్రో ఎక్కితే మారకుండా గంటలో పిరేయస్ రేవుకు, టికెట్ 9 యూరోలు. విమానం దిగిన రోజే ఓడ పట్టుకోవాలని చూడకండి, ఏథెన్స్‌లో ఒక రాత్రి పడుకుని ఉదయం ఓడ ఎక్కండి. రేవు చాలా పెద్దది. ద్వారాలకు ఇ1, ఇ2 అని అంకెలుంటాయి, ఒక చివర నుంచి మరో చివరకు నడక కుదరదు. సైక్లాడిస్ ఓడలు ఎక్కువగా ఇ6, ఇ7 వైపు ఉంటాయి, మెట్రోకు దగ్గరే. ముక్కాలు గంట ముందు అక్కడుండండి.

నాక్సోస్‌కు పెద్ద ఫెర్రీలో అయిదు గంటలు దాటుతుంది. ఎక్కగానే కింద కార్లు పెట్టే చోట దీవుల పేర్లు రాసిన అరలుంటాయి, పెద్ద సంచి మీ దీవి పేరున్న అరలో పెట్టండి. దిగేటప్పుడు తొందర తప్పదు. ఓడ వెనక్కి తిరుగుతుండగానే గొలుసులు మోగుతూ ఇనుప తలుపు దిగడం మొదలవుతుంది, అది రేవు రాతికి తగలగానే ఒకవైపు నుంచి లారీలు, మరోవైపు మనుషులు. అయిదు నిమిషాల్లో మళ్లీ తలుపు లేస్తుంది. ప్రకటన వినగానే కిందికి దిగి సంచి భుజాన వేసుకుని ఉండాలి. పైన కాఫీ తాగుతూ కూర్చుంటే తర్వాతి దీవిలో దిగుతారు.

2, 3 రోజులు: హల్కి ఊళ్లు, జాస్ శిఖరం

బస చేయాల్సింది రేవు ఊరు హోరాలోనే. బస్సు ఆఫీసు రేవు దగ్గరే ఉంది, టికెట్ ముందు కొనుక్కుని ఎక్కాలి. తిరుగు బస్సుల వేళలు ఫోటో తీసి పెట్టుకోండి, మధ్యాహ్నం తర్వాత రెండు మూడే ఉంటాయి.

రెండో రోజు తేలిక నడక. బస్సులో హల్కి వెళ్లి, అక్కడినుంచి ఆలివ్ తోటల మధ్యగా పనయియా ద్రోసియాని అనే చిన్న రాతి చర్చి దాటుకుని మోని ఊరు ఎక్కి, మరో దారిలో దిగి రావడం. తాపీగా మూడు గంటలు. ఆ చర్చిలో గోడ చిత్రాలు దాదాపు 1400 ఏళ్ల కిందటివి. హల్కిలో కిత్రోన్ చేసే పాత బట్టీ ఉంది. నిమ్మజాతికే చెందిన మాదీఫలం లాంటి చెట్టు ఆకులతో కాచే సారాయి అది.

మూడో రోజు జాస్. సైక్లాడిస్‌లోకెల్లా ఎత్తైన కొండ, వెయ్యి మీటర్లకు నాలుగడుగులు అటూ ఇటూ. జ్యూస్ దేవుడు పెరిగింది ఇక్కడేనని కథ. ఎక్కడానికి రెండు దారులున్నాయి. చాలామంది అయియా మరీనా గుడి వైపు నుంచి ఎక్కి జాస్ గుహ వైపు దిగుతారు. అది తప్పు వరుస. గుహ వైపు దారి నిటారుగా, వదులు రాళ్లతో ఉంటుంది. అలాంటి వాలులో ఎక్కేటప్పుడు చేతులు సాయపడతాయి, దిగేటప్పుడు మడమ కింది రాయి జారిపోతుంది. కాబట్టి బస్సులో ఫిలోతి దిగి, అరియా ఊట దగ్గర సీసాలు నింపుకుని, గుహ చూసుకుని, శిఖరం ఎక్కి, అయియా మరీనా వైపు దిగండి. ఆ దిగుడు దారి పక్కన ఒక బండ మీద ప్రాచీన గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి. ‘గొర్రెల మందలను కాచే జ్యూస్ కొండ’ అని దాని అర్థం. గుడి నుంచి ఫిలోతికి మళ్లీ బాట ఉంది. ఆగుడులు కలిపి అయిదున్నర గంటలు. శిఖరాన్ని మబ్బు కమ్మి ఉంటే ఆ రోజు మానేయండి, పైన గుర్తులు కనపడవు.

4వ రోజు: అమోర్గోస్‌కు చిన్న ఓడ

నాక్సోస్ నుంచి స్కోపెలితిస్ అనే చిన్న ఓడ మధ్యలోని బుల్లి దీవులన్నీ తాకుతూ అమోర్గోస్ వెళ్తుంది. ఆదివారం ఉండదు. నాలుగైదు గంటల ప్రయాణం, సముద్రం కాస్త లేచినా బాగా ఊగుతుంది. మాత్ర అరగంట ముందే వేసుకుని, వెనక భాగంలో బయట కూర్చోండి.

అమోర్గోస్‌కు రెండు రేవులు: కతాపోలా, ఎగియాలి. ఒకటి దీవికి ఆ చివర, ఇంకొకటి ఈ చివర. గది ఒక చోట, టికెట్ ఇంకో చోటికి తీసుకోవడం తరచూ జరిగే పొరపాటు, కొండ దారిలో టాక్సీకి చాలా డబ్బు వదులుతుంది. నాలుగు రాత్రులూ ఎగియాలిలోనే గది తీసుకోండి.

5, 6, 7 రోజులు: అమోర్గోస్

యాత్ర మొత్తానికి ఇదే గుండె. ఎగియాలిలో బస ఎందుకంటే, ఉదయం బస్సులో దూరం వెళ్లి నడుచుకుంటూ మీ గదికే రావచ్చు. తిరుగు బస్సు తప్పుతుందన్న బెంగ ఉండదు, ఆలస్యమైనా మంచం అక్కడే ఉంటుంది.

అయిదో రోజు చిన్న చుట్టు: ఎగియాలి నుంచి లంగాదా, అక్కడినుంచి థోలారియా, మళ్లీ కిందికి. మూడు గంటలు.

ఆరో రోజు 1వ నంబరు దారి, పాలియా స్త్రాతా, అంటే పాత బాట. రోడ్డు పడకముందు దీవి ఆ చివరనూ ఈ చివరనూ కలిపింది ఇదే. మొదటి బస్సుకు హోరా వెళ్లండి (ఈ దీవి ప్రధాన ఊరి పేరూ హోరాయే). అక్కడినుంచి దిగితే హోజోవియోటిస్సా మఠం. సముద్రానికి 300 మీటర్ల ఎత్తున నిటారు కొండకు సున్నం పూసినట్టు అతుక్కుని ఉంటుంది. ఎనిమిది అంతస్తులు, వెడల్పు మాత్రం అయిదు మీటర్లే. 1088లో బైజాంటియన్ చక్రవర్తి మొదటి అలెక్సియోస్ దీన్ని పునరుద్ధరించాడు. ఉదయం తెరిచి మధ్యాహ్నం మూసేస్తారు. మగవాళ్లకు పొడవు ప్యాంటు, ఆడవాళ్లకు పావడా ఉండాలి. ప్యాంటు వేసుకున్న ఆడవాళ్లు పైన చున్నీయో, పలుచటి పంచెయో చుట్టుకుంటే సరిపోతుంది. లోపల దాల్చినచెక్క, లవంగం, తేనె వేసి కాచిన రాకీ అనే సారాయి, ఒక మిఠాయి ముక్క ఇవ్వడం ఆనవాయితీ. ముందున్న దారి తలచుకుని రాకీ ఒక్క గుక్కతో ఆపండి.

హోరా నుంచి మఠం మీదుగా ఎగియాలి దాకా 14 కిలోమీటర్ల పైచిలుకు, నడకే అయిదు గంటలు. నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. నీడ అంతకన్నా లేదు. ఒకవైపు కొండ, ఇంకోవైపు కిందెక్కడో నీలం. మూడింట రెండొంతులయ్యాక అస్ఫోంతిలితిస్ అనే పాడుబడ్డ పల్లె వస్తుంది, అక్కడి బండల మీద మనుషుల బొమ్మలు గీసి ఉంటాయి. సీజన్‌లో ఒక చిన్న కాఫీ కొట్టు తెరిస్తే తెరుస్తారు. తర్వాత పోతమోస్ ఊరు, అక్కడినుంచి మెట్లబాట మీదుగా రేవుకు. ఉదయం తొమ్మిదికి మఠం వదలకపోతే చివరి గంటలు ఎండలో చస్తారు. గాలి సూచన బోఫోర్ట్ 6 దాటితే ఏడో రోజుకు మార్చుకోండి. అందుకే ఏడో రోజును ఖాళీగా ఉంచాం.

గాలి లేకుండా ఏడో రోజు మిగిలితే లంగాదా పైన థియోలోగోస్ పాత చర్చి దాకా వెళ్లి రండి. అక్కడి నుంచి స్తావ్రోస్ వైపు సాగే బాట కొండ అంచుమీదే ఉంటుంది, ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకు అది వద్దు.

తిండి, మాటలు

శాకాహారులు ఇబ్బంది పడే చోటు కాదిది, అడగడం తెలిస్తే. ఫావా అంటే పసుపుపచ్చ ముద్దపప్పే, నెయ్యికి బదులు ఆలివ్ నూనె, పచ్చి ఉల్లి, నిమ్మరసం. సాంటోరిని ఫావా మన కేసరి పప్పు జాతికి దగ్గరి గింజతో చేస్తారు. హోర్తా ఉడికించిన ఆకుకూర, బ్రియాం కాల్చిన కూరగాయలు, జిగాంతెస్ పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. ఉపవాస రోజుల వంటను నిస్తీసిమా అంటారు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు, నత్తలు, రొయ్యల్లాంటివి మాత్రం ఉండొచ్చు. జేమిస్తా (కూరిన కూరగాయలు), దోల్మాదెస్ (ద్రాక్షాకు చుట్టలు) వంటివాటిలో అన్నంతో పాటు కైమా కలిపి ఉండొచ్చు, అడగండి: ‘హోరీస్ క్రేయాస్?’ అంటే మాంసం లేకుండానా అని. ఇంటినుంచి కందిపొడి, కారప్పొడి తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పాలకోవా ఐరోపాలోకి రానివ్వరు, పచ్చి కరివేపాకూ అంతే.

నీళ్లను ‘నెరో’ అంటారు. మన నీరుకు చుట్టరికం లేదు, యాదృచ్ఛికమే, కానీ దాహం వేసినప్పుడు మర్చిపోలేం. ‘నే’ అంటే అవును, కాదు అనుకుని వెనుదిరగొద్దు. తల పైకెత్తి ‘చ్’ అంటే లేదని. అది మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

8 నుంచి 11 రోజులు: సాంటోరిని, తిరుగు ప్రయాణం

సీజన్‌లో అమోర్గోస్ నుంచి సాంటోరినికి నేరుగా హైస్పీడ్ ఓడ ఉంటుంది. ఏప్రిల్, అక్టోబర్ చివరల్లో ఉండకపోవచ్చు, అప్పుడు మళ్లీ నాక్సోస్ మీదుగా రావాలి. టికెట్లు కొనేటప్పుడు మొదట సరిచూసుకోవాల్సిన మెలిక ఇదే.

తొమ్మిదో రోజు ఫిరా నుంచి ఇయా, 10 కిలోమీటర్లు, నాలుగు గంటలు. చాలామంది సూర్యాస్తమయానికి ఇయా చేరేలా సాయంత్రం బయలుదేరతారు, చీకట్లో బస్సు కోసం వందలమందితో తోసుకుంటారు. ఉదయం ఏడింటికి మొదలుపెట్టండి. ఇమెరోవిగ్లి దాకా రాళ్లు పరిచిన దారి, తర్వాత ఎర్ర, నల్ల అగ్నిపర్వతపు గులక. ఇయాకు ముందు దిగుడులో గులక గోళీల్లా దొర్లుతుంది, పొట్టి అడుగులు వేయండి. పదకొండుకు ఇయా చూసుకుని బస్సులో వెనక్కి వస్తే రద్దీ మొదలయ్యేసరికి మీ పని అయిపోతుంది. 2025 ఫిబ్రవరిలో ఈ దీవికీ అమోర్గోస్‌కూ మధ్య వేల సంఖ్యలో భూకంపాలు వచ్చాయి. కొండ అంచు బాటల్లో ఎక్కడైనా తాడు కట్టి మూసి ఉంటే దాటి వెళ్లొద్దు, రాళ్లు పడే చోటని అర్థం.

పదో రోజు ఏథెన్స్‌కు తిరుగు ఓడ, దాదాపు ఎనిమిది గంటలు. అథినియోస్ రేవుకు దిగే మెలికల రోడ్డు మీద వాహనాలు నిలిచిపోతాయి, ఫిరా నుంచి ఓడ వేళకు గంటన్నర ముందు బయలుదేరండి. పదకొండో రోజు ఏథెన్స్‌లో ఖాళీగా ఉంచాలి, ఇంటి విమానం ఆ రాత్రికి గానీ మర్నాటికి గానీ. గాలికి ఓడ రద్దయితే సంస్థ డబ్బు తిరిగిస్తుంది లేదా తర్వాతి ఓడలో చోటిస్తుంది, తప్పిపోయిన విమానం ఖర్చు మాత్రం మీదే. రెండు రోజుల ముందే గాలి పెరుగుతోందని సూచన వస్తే నడక వదులుకుని ముందు ఓడకు మారిపోండి. మార్పు కోసం రేవులోని టికెట్ల కొట్టుకు స్వయంగా వెళ్లాలి, ఓడలు ఆగాక అక్కడ వరుస మెట్ల దాకా ఉంటుంది.

అత్యవసరానికి 112, అన్ని దీవుల్లోనూ పనిచేస్తుంది. ఆ ఫోను చేయాల్సి వస్తే ముందు చెప్పాల్సింది దీవి పేరు, దారి నంబరు, చివరగా దాటిన ఊరు.